వర్చువల్ ప్రపంచంలో కోలాటం నేర్పే విధానం

కోనసీమ నుంచి కువైట్‌కో హైదరాబాద్‌కో వెళ్లి స్థిరపడిన కుటుంబాల పిల్లలకు కోలాటం నేర్పడానికి వీఆర్‌చాట్ వంటి వర్చువల్ ప్రపంచం (ఇంటర్నెట్‌లో బొమ్మ రూపాలతో కలుసుకునే చోటు) నిజంగా పనికివస్తుంది. 2003లో వచ్చిన సెకండ్ లైఫ్ అనే వర్చువల్ ప్రపంచంలో నాట్యమంటే ముందే తయారుచేసిన కదలికను నొక్కి నడిపించడమే కాబట్టి చూడముచ్చటగా ఉన్నా చేతికి ఆట రాదు. హెడ్‌సెట్ (కళ్లకు తొడిగే వీఆర్ పరికరం) పెట్టుకుని, చేతుల్లో కంట్రోలర్లు పట్టుకుని ఆడే చోట మాత్రం కదిలేది మన చేతులే. వీఆర్‌చాట్ ఖాతాకు 13 ఏళ్లు నిండి ఉండాలి. పిలిచినవారే రాగలిగే గదిని తెరవండి. మన దేశంలో రాత్రి 7:30 అయితే కువైట్‌లో సాయంత్రం 5 గంటలు, అది అందరికీ అనువైన వేళ.

గుడి ముందు నేర్పిన పద్ధతి ఇక్కడ యథాతథంగా సాగదు. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఒక్కో దెబ్బకు ఉన్న వ్యవధి 500 మిల్లీసెకన్లే. ఎదుటివారి కర్ర కదలిక నెట్‌వర్క్ దాటి మన కంటికి చేరేసరికి అందులో చెప్పుకోదగ్గ భాగం గడిచిపోతుంది. ఒకరి కర్ర కోసం మరొకరు ఆగుతూ పోతే కోపు (కోలాటంలో ఒక ఆట వరుస) క్రమంగా మందగించి పాటకు వెనకబడుతుంది. అందుచేత మొదటి రోజే గట్టిగా చెప్పవలసింది, జంట కర్రను చూసి కాక గురువు తాళం విని కొట్టమని. గురువు గొంతూ చేతులూ దాదాపు ఒకే ఆలస్యంతో చేరుతాయి కనుక నేర్చుకునేవారికి పొందిక కుదురుతుంది. గురువుకు మాత్రం అందరూ ఆలస్యంగా కొడుతున్నట్టే కనిపిస్తారు. దాన్ని తప్పుగా ఎంచి మందలించరాదు. కోపు నడుస్తున్నంతసేపూ మిగిలినవారి మైకులు మూసి ఉంచాలి.

కర్రలు తగిలిన చప్పుడు ఎవరి పరికరంలో వారికే పుట్టేలా, ఆ క్షణంలోనే చేతి కంట్రోలరు సన్నగా అదిరేలా గదిని తయారుచేయించుకోగలిగితే ఆటకు ప్రాణం వస్తుంది.

అడుగుల విషయంలో జాగ్రత్త అవసరం. తలకు హెడ్‌సెట్, చేతుల్లో కంట్రోలర్లు మాత్రమే ఉన్నవారి అవతారంలో (తెరపై వారి బొమ్మలో) కాళ్ల కదలిక సాఫ్ట్‌వేర్ అంచనా మాత్రమే కాబట్టి, అది చూసి అడుగు సరిదిద్దడం వ్యర్థం. అడుగులను ఫోన్ వీడియోలో విడిగా చూపండి. లోపలి వలయం, వెలుపలి వలయం స్థానాలు మారేటప్పుడు బొటనవేలితో కంట్రోలరు మీటను నెడుతూ అదే చేతితో కర్ర కొట్టవలసి రావడం కష్టం. కనుక ఆ మార్పుకు నాలుగు దెబ్బలు ఖాళీగా వదలండి. నిలిచిన చోటే తిరిగి కొట్టే కోపులతో మొదలుపెట్టడం మేలు. చుట్టూ రెండేసి మీటర్ల ఖాళీ, మణికట్టుకు కంట్రోలరు పట్టీ తప్పనిసరి.

తాళ్లు పట్టుకుని ఆడుతూ వాటిని జడలా అల్లే జడకోపు జోలికి ఇక్కడ పోవద్దని నా గట్టి అభిప్రాయం. తాడు ఒక్కొక్కరి తెరపై ఒక్కో తీరుగా ఊగితే అల్లిక కుదరదు. పిల్లలు సంక్రాంతికి ఊరు వచ్చినప్పుడే అది నేర్పాలి.

పాఠం ముగిశాక కొంతసేపు మైకులన్నీ తెరిచి, తాళం తప్పినా పట్టించుకోకుండా, తెలిసిన కోపునే ఇష్టమొచ్చినట్టు ఆడనివ్వండి. మర్నాడు పిల్లలు పిలవకుండానే వచ్చేది ఈ ఆట కోసమే.