బబ అంటే బామ్మ: మాసిడోనియన్ స్వయంబోధిని, 6వ పాఠం

మాసిడోనియన్ అంటే ఐరోపాలోని ఉత్తర మాసిడోనియా దేశపు భాష, రష్యన్ లాంటి స్లావ్ భాషల కుటుంబానిది. ముందుగా గత పాఠంలోని అభ్యాసానికి జవాబులు. కిటికీ అంటే ప్రొజొరెౘ్. మనకు తెలిసిన ఫలానా కిటికీ అయితే ప్రొజొరెౘొత్. కన్ను ఒకొ, ఆ కన్ను ఒకొతొ. నీళ్ళు వొద, ఆ నీళ్ళు వొదత. మాట చివర ప్రత్యయం చేరగానే ఊనిక, అంటే పలుకులో బలం పడే చోటు, కూడా పక్కకు జరుగుతుందని చెప్పాను. వెనక నుంచి లెక్కపెడితే మూడో అక్షరం మీద ఊనిక నిలవాలి. అందుకే ప్రొజొరెౘ్‌లో ‘ప్రొ’ మీద ఉన్న ఊనిక ప్రొజొరెౘొత్‌లో ‘జొ’ మీదికి వస్తుంది. ఇది నోటికి పట్టేదాకా ఈ పాఠంలోకి రాకండి. ఈసారి కిటికీలతోనే ఎక్కువ పని.

లిపి సంగతి కూడా ఒకసారి గుర్తు చేస్తాను. మాసిడోనియన్ అక్షరాలు 31. ఆ వర్ణమాలను, రాతను 1945లో ఖరారు చేశారు. ఆ భాషను వినకుండా పుస్తకంలో నేర్చుకునే వారిని ఇబ్బంది పెట్టే రెండు ధ్వనులు మన దగ్గర పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి. చలి, చాప అనేటప్పుడు పలికే ౘ ఒకటి. జడ, జోల అనేటప్పుడు పలికే ౙ రెండోది. ఈ రెండో ధ్వనికి వాళ్ళు ఇంగ్లీషు ఎస్ ఆకారంలో ఒక ప్రత్యేక అక్షరం పెట్టుకున్నారు. నేటి స్లావ్ భాషల్లో మరే ప్రామాణిక లిపిలోనూ అది లేదు. నక్షత్రాన్ని ౙ్వెజ్ద అంటారు. మన పిల్లల బడి పుస్తకాల నుంచి మనమే తీసేసిన అక్షరాలు మాసిడోనియన్‌కు అక్కరకు రావడం చూస్తే నాకు కొంచెం సంతోషం, కొంచెం ఉక్రోషం. ఒక్క తేడా ఉంది. మన ౘ అచ్చమైన తెలుగు మాటల్లో ఇ, ఎ ముందు రాదు, వాళ్ళకు వస్తుంది. ప్రిలెప్ పట్టణంలో దర్జీ పని చేస్తూ జనం చెప్పే కథలు, సామెతలు, నమ్మకాలు ఓపికగా రాసి కూడబెట్టిన మార్కొ ౘెపెంకొవ్ (1829–1920) పేరును పదిసార్లు పలకండి. ‘చెపెంకొవ్’ అని దొర్లితే మళ్ళీ మొదటి నుంచి.

ఈ పాఠానికి గురువు బబ. తెలుగు చెవికి ఇది షిరిడీ వైపు లాగుతుంది కానీ, రెండూ పొట్టి అచ్చులే, అర్థం బామ్మ. అమ్మమ్మా నాయనమ్మా ఇద్దరూ బబలే. మేనమామకు వుయ్కొ, తండ్రి సోదరుడికి స్త్రికొ అని వేరువేరు మాటలున్న భాష బామ్మల దగ్గర మాత్రం ఆ తేడా పెట్టుకోలేదు. అక్కడి రాజధాని స్కొప్యె నగరంలో నేను అద్దెకున్న ఇంటి కింది వాటాలో ఒక బబ ఉండేవారు. నా దగ్గరున్న వ్యాకరణ పుస్తకంలో నిషేధార్థకం, అంటే ‘వద్దు’ అని చెప్పే తీరు, ఇరవయ్యో ప్రకరణంలో ఉంది. ఆవిడ మొదటి రోజే మొదలుపెట్టారు.

జులై నెల, సిటీ బస్సు, లోపల ఊపిరాడని ఉక్క. నేను కిటికీ తెరిచాను. నాలుగు సీట్ల అవతలి నుంచి ఒక పెద్దావిడ గొంతు వినిపించింది:

జత్వొరి గొ ప్రొజొరెౘొత్, క్యె తె ఫతి ప్రొమయ!

‘కిటికీ మూసెయ్యి, ప్రొమయ పట్టుకుంటుంది!’ ప్రొమయ అంటే ఎదురెదురుగా తెరిచి ఉన్న రెండు కిటికీల మధ్య, లేదా తలుపుకూ కిటికీకీ మధ్య కోసుకుపోయే గాలి. మన ఊళ్ళో దానికోసమే ఇల్లు కట్టేటప్పుడు కిటికీకి ఎదురుగా కిటికీ పెట్టిస్తాం. అక్కడ మెడ పట్టేసినా, చెవిపోటు వచ్చినా, నడుము వంగకపోయినా నేరం దాని మీదికే వెళుతుంది. బస్సంతా చెమటలు కక్కుతోంది, అయినా ఆవిడ మాట కాదన్నవారు లేరు. నేను కిటికీ మూసేశాను.

ఆ వాక్యాన్ని విప్పి చూద్దాం. జత్వొరి అంటే మూసెయ్యి. గొ అంటే దాన్ని. ‘కిటికీని’ అని ఎలాగూ చెబుతున్నాం కదా, మళ్ళీ ‘దాన్ని’ ఎందుకని అడగకండి. ఫలానా వస్తువు గురించి మాట్లాడేటప్పుడు మాసిడోనియన్ ఇలా రెండుసార్లు చెప్పి తీరుతుంది. క్యె వస్తే జరగబోయేది. తె అంటే నిన్ను. ఇక ఫతి. దీని దగ్గర కాసేపు ఆగాలి.

ఫతి అంటే పట్టుకోవడం. బంతిని పట్టుకున్నా ఫతి, గాలి పట్టినా ఫతి, దిష్టి తగిలినా ఫతియే. దిష్టిని ఉరొక్ అంటారు, బహువచనంలో ఉరొౘి. ద నె తె ఫతత్ ఉరొౘి అంటే ‘నీకు దిష్టి పట్టకుండా ఉండాలి’ అని. తెలుగు తెలియని విద్యార్థికి గాలి, దిష్టి మనిషిని ‘పట్టుకోవడం’ ఏమిటో ఒక పేజీ వివరించాలి. మనకు అక్కర్లేదు. జలుబు పట్టింది, శని పట్టింది, దయ్యం పట్టింది, నడుం పట్టేసింది అంటూనే పెరిగాం. బబ లెక్కలో ప్రొమయకూ దిష్టికీ తేడా తక్కువ. రెండూ కంటికి కనబడకుండా వచ్చి మనిషిని పట్టేవే.

ఇప్పుడు అసలు పాఠం. బబ మాటల్లో చాలావాటికి రెండు ముక్కలుంటాయి. మొదటిది నె, రెండోది క్యె. ‘వద్దు’ ఒకటి, ‘అయితే ఇది జరుగుతుంది’ ఒకటి.

నె సెది న లద్నొ, క్యె నస్తినెష్. (చల్లటి చోట కూర్చోకు, జలుబు చేస్తుంది.)

నె ఇజ్లెగువయ్ సొ మొక్ర కొస, క్యె నస్తినెష్. (తడి జుట్టుతో బయటికి వెళ్ళకు, జలుబు చేస్తుంది.)

మొదటిది సిమెంటు అరుగులు, రాతి మెట్ల గురించి. ఆడపిల్లలకు ఇంకా గట్టిగా చెబుతారు. చలి కింది నుంచి ఎక్కి అండాశయాలకు జలుబు చేస్తుందట, పిల్లలు పుట్టరట. బబ చూస్తుండగా మెట్ల మీద కూర్చున్న అమ్మాయి కిందికి కనీసం ఒక దిండయినా రాకుండా ఉండదు.

ఇక్కడే అందరూ తప్పు చేసే చోటుంది. ‘తెరువు’ అనడానికి ఒత్వొరి. ‘తెరవకు’ అనడానికి దాని ముందు నె చేర్చి ‘నె ఒత్వొరి’ అంటే సరిపోతుందనుకుంటాం. సరిపోదు. నె ఒత్వొరయ్ అనాలి. బయటికి వెళ్ళు: ఇజ్లెజి, వెళ్ళకు: నె ఇజ్లెగువయ్. లే: స్తని, లేవకు: నె స్తనువయ్. మాసిడోనియన్‌లో క్రియలు సాధారణంగా జంటలుగా ఉంటాయి. ఒకటి పని ఒక్క దెబ్బతో ముగిసిపోవడాన్ని, రెండోది పని సాగుతూ ఉండటాన్ని చెబుతుంది. చెయ్యమనడానికి మొదటిది పనికొస్తుంది, వద్దనడానికి రెండోదే కావాలి. నిషేధం పని పూర్తికావడం మీద కాదు, అసలు ఆ పనికే దిగవద్దని. అందుకని ముగిసిన రూపానికి అక్కడ చోటు లేదు.

మనకు ఇలాంటి జంట లేదని చెప్పే వ్యాకరణాలు చూశాను, నేను ఒప్పుకోను. తిను, తినేయి, తాగు, తాగేయి. ఆ ‘ఏయి’ చేసే పని అటూ ఇటూగా అదే. ‘తాగకు’ అంటే నిషేధం. ‘తాగేయకు’ అంటే కంగారు: పొరపాటున తాగేస్తావేమో, చూసుకో అని. మాసిడోనియన్‌లో ఆ రెండోదానికి ద నె అని వేరే దారి ఉంది. దాని తర్వాత ముగిసిన క్రియ హాయిగా ఒదుగుతుంది. నె ఒత్వొరయ్ అంటే తెరవకు. ద నె ఒత్వొరిష్ అంటే తెరిచేస్తావేమో, జాగ్రత్త.

మర్యాద మాట రెండు ముక్కల్లో. చివర తె (ఇది ‘నిన్ను’ అనే తె కాదు) చేరిస్తే మన ‘అండి’ వచ్చేస్తుంది: నె ఇజ్లెగువయ్‌తె, వెళ్ళకండి. సొంత బామ్మను పిల్లలు ‘నువ్వు’ అనే పిలుస్తారు, పరాయి ఇంటి పెద్దావిడకు మాత్రం తె ఉండాలి. నేను మొదటి నెలంతా అది మరిచిపోయాను. ఆవిడ ఏమీ అనలేదు, నా కాఫీలో మాత్రం చక్కెర తగ్గింది.

ద నె అనేది కంగారుకే కాదు, రక్షణకు కూడా. ‘ఈ ఏడు మా ఇంట్లో ఎవరికీ ఒంట్లో బాగాలేదన్న మాటే లేదు’ అని మీరు నోరు జారారనుకోండి. వెంటనే బబ: ద నె చుయె జ్లొ. చెడు వినకుండా ఉండాలి. ఆ వెంటనే, చుక్ని వొ ద్ర్వొ, చెక్క మీద తట్టు. బల్ల, కుర్చీ, తలుపు ఏదయినా ఫరవాలేదు. చుక్నిలో చ చీమ, చీర లాంటిది, ‘ౘు’ కానీయకండి. ద్ర్వొలో మొదటి భాగానికి అచ్చు లేదు, ర్ మీదే నిలబడాలి. మన పూర్వులు ఋ పలికిన తీరుకు ఇది దగ్గర కావచ్చు.

మన దగ్గర పైన తథాస్తు దేవతలుంటారు, అందుకని చెడు మాట్లాడవద్దంటారు. అక్కడ చెడే చెవి ఒగ్గి కూర్చుంటుంది, అందుకని మంచి కూడా పైకి చెప్పవద్దంటారు. పసిబిడ్డను చూడటానికి వెళ్ళిన పెద్దవాళ్ళు ‘ఎంత ముద్దొస్తోందో’ అనకుండా, కొల్కు ఎ గ్ర్దొ (ఎంత అనాకారిగా ఉందో!) అని, పు పు అంటూ ఉమ్మినట్టు చెయ్యడం అందుకే. మనం బుగ్గన దిష్టి చుక్క పెట్టి బిడ్డ అందాన్ని కాస్త చెడగొడతాం, వాళ్ళు ఆ పని మాటతో చేస్తారు. బిడ్డ మణికట్టుకు ఎర్ర దారం కడతారు. బాలింతను లెఉంక అంటారు, నలభై రోజులు ఆమెకు వినిపించేది ఒకే వాక్యం: నె ఇజ్లెగువయ్. బిడ్డ పుట్టిన మూడో రాత్రి ముగ్గురు నరెచ్నిౘి వచ్చి నుదుటిరాత చెప్పి వెళతారని పాత నమ్మకం. మన విధాత ఒక్కడే రాసుకుపోతాడు. వాళ్ళు ముగ్గురు ఆడవాళ్ళు, కనుక చర్చ జరుగుతుంది.

ద నె నుంచి నె తీసేయండి, దీవెన మిగులుతుంది. ఊరికి బయలుదేరేవాళ్ళ వెనక, పరీక్షకు వెళ్ళే పిల్లల వెనక గుమ్మం దగ్గర నీళ్ళు పోసి ద తి ఒది కకొ పొ వొద అంటారు: నీ పని నీళ్ళ మీద నడిచినట్టు సాగాలి. మా కింది వాటా బబ నేను వీసా పని మీద బయలుదేరిన రోజు ఏకంగా చెంబెడు పోశారు, నా బూట్లు తడిశాయి. పోయినవాళ్ళ పేరు వస్తే బొగ్ ద గొ ప్రొస్తి, దేవుడు అతన్ని క్షమించాలి. ఆమె అయితే గొ బదులు య. పోయినవాళ్ళను తలుచుకుని తాగేటప్పుడు గ్లాసులు ఒకదానికొకటి తగిలించరు. తెలియక చెయ్యి చాచారో, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్కసారి మిమ్మల్నే చూస్తారు. ఈస్టర్‌కు ఏడు వారాల ముందు ఆదివారం ప్రొచ్క పండుగ. చిన్నవాళ్ళు పెద్దల ఇంటికి వెళ్ళి చెయ్యి ముద్దుపెట్టుకుని ప్రొస్తి మి, నన్ను క్షమించు, అని అడుగుతారు. పెద్దల జవాబు: ప్రొస్తెనొ ద తి ఎ. ఆ రాత్రి దారానికి ఉడికిన గుడ్డు కట్టి ఊపుతుంటే పిల్లలు చేతులు కట్టుకుని నోటితో అందుకోవాలి. క్షమాపణల కన్నా పిల్లలకు గుర్తుండేది ఆ గుడ్డే.

అభ్యాసం. ముందు గత పాఠం గుర్తుందో లేదో: మి ఇగ్ర ఒకొతొ. మాటకు మాట పెడితే ‘నా కన్ను ఆడుతోంది’. మనం ఏమంటాం? రెండోది, మీకు ఎక్కిళ్ళు వస్తున్నాయి, పక్కనున్న బబ నెకొయ్ తె స్పొమ్నువ అన్నారు. నెకొయ్ అంటే ఎవరో; క్రియ అర్థం పొలమారినప్పుడు మీ ఇంట్లో అనే మాటను బట్టి ఊహించండి. మూడోది, ఈ వాక్యంలో తప్పు పట్టుకోండి: నె ఇజ్లెజి సొ మొక్ర కొస. నాలుగోది కొంచెం కష్టం. ఒబ్లెచి సె అంటే దుస్తులు వేసుకో. దాని తర్వాత ఒకసారి క్యె నస్తినెష్, ఒకసారి ద నె నస్తినెష్ పెట్టి, రెండింటి అర్థంలో తేడా ఏమిటో తెలుగులో రాయండి. చివరిది, మీ అమ్మమ్మ లేదా నాయనమ్మ రోజూ అనే ఒక ‘వద్దు’ను నె, క్యె రెండు ముక్కలతో మాసిడోనియన్‌లోకి తేవాలి. గడప మీద కూర్చోవడం గురించి రాసేవాళ్ళకు సాయంగా, గడపను ప్రగ్ అంటారు.

వచ్చే పాఠం అంకెలు, ఒకటి నుంచి నలభై దాకా. బతికున్నవాళ్ళకు పూలు ఇస్తే బేసి సంఖ్యలో ఇవ్వాలి, సరి సంఖ్య చనిపోయినవాళ్ళకు; పూలకొట్టులో అది తప్పు చెప్పకుండా ఉండటానికి పది దాకా వస్తే చాలు. నలభై ఎందుకంటే, ష్తిప్ పట్టణంలో మార్చి 22న చెత్ర్‌సె (నలభై మంది క్రైస్తవ అమరవీరుల) పండుగ రోజు జనం ఇసర్ కొండ ఎక్కుతారు. దారిలో నలభై మంది తెలిసినవాళ్ళను పలకరించాలి, నలభై గులకరాళ్ళు ఏరాలి. 2013లో ఆ పండుగను యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మనం కొండ ఎక్కకుండానే లెక్కపెడదాం. గులకరాళ్ళు దొరకకపోతే నలభై చింతగింజలు దగ్గర పెట్టుకుని కూర్చోండి.