బటన్ కారులో పండగకు ఊరు వెళ్తున్నారా?

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి గోదావరి జిల్లాలకు బయలుదేరే ముందు అందరూ టైర్లలో గాలి చూసుకుంటారు, ఫాస్టాగ్‌లో డబ్బు వేస్తారు, పిల్లలకు కడుపులో తిప్పకుండా నిమ్మకాయలు పెట్టుకుంటారు. కారు తాళం సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. తాళంచెవి తిప్పే కారయితే గుర్తుకు రాకపోయినా పెద్ద నష్టం లేదు. బటన్ నొక్కి నడిపే కారు కొన్నాక ఇదే మొదటి దూరప్రయాణమయితే మాత్రం ఒక సాయంత్రం దీనికి కేటాయించండి.

పాత తాళంచెవి ఒక్కసారి బయటికి తీస్తే మూడు సంగతులు తేలిపోయేవి. ఇంజిన్ ఆగింది, తాళం నా దగ్గరే ఉంది, కారును ఇంకొకరు కదపలేరు. బటన్ వచ్చాక ఈ మూడూ వేరు కాపురాలు పెట్టాయి. ఈ కార్లలో తాళంచెవి బదులు రిమోట్ ఉంటుంది, అది దగ్గర ఉంటేనే బటన్ పనిచేసి ఇంజిన్ మొదలవుతుంది. ఆ రిమోట్ జేబులో వేసుకుని ఇంట్లోకి వెళ్లినా ఇంజిన్ నడుస్తూనే ఉండవచ్చు. రిమోట్ ఊరు దాటిపోయినా కారు పరుగెడుతూనే ఉండవచ్చు. ఈ రెండోది నా అనుభవం.

నిరుడు మా ఆవిడను విశాఖ రైలు ఎక్కించడానికి సికింద్రాబాద్ స్టేషన్‌కు తీసుకెళ్లాను. కారు తెరిచింది తను, రిమోట్ తన చేతిసంచిలో ఉంది. స్టేషన్ ముందు ఇంజిన్ ఆపకుండానే దింపేశాను. వెనక ఆటో హారన్ మోగుతుంటే ఎవరు ఆపుతారు? తను తలుపు వేయగానే కారు పీప్ పీప్‌మంది, ఎదుటి తెర మీద ఏదో రాసింది. సీటు బెల్టు గోల అనుకున్నాను. తార్నాక దాటాక పెట్రోలు బంకులో ఇంజిన్ ఆపి ట్యాంకు నింపించాను. అంతే, ఆ తర్వాత బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఫోను చేస్తే "రిమోట్ మీ దగ్గర కదండీ ఉండాలి?" అంది. రైలు అప్పటికే కాజీపేట దారిలో ఉంది. రెండో రిమోట్ ఇంట్లో బీరువాలో ఉంది, బీరువా తాళం కూడా అదే చేతిసంచిలో ఉంది. బంకువాళ్లు నా వెనక బండ్లన్నిటినీ పక్క పంపుకు మళ్లించారు. పక్కింటి అబ్బాయి తాళాలు బాగుచేసే పెద్దాయనను వెతికి తెచ్చి, బీరువా తెరిపించి, రిమోట్ పట్టుకొచ్చేసరికి గంటన్నర. బీరువా తెరవడానికి ఆయనకు పట్టింది రెండు నిమిషాలేనట.

కారు తప్పు లేదు. నడుస్తుండగా రిమోట్ అందకపోతే ఇంజిన్ దానంతటదే ఆగిపోతే ఇంకా ప్రమాదం కాబట్టి అలా తయారు చేశారు, హెచ్చరించి వదిలేస్తుంది. అందుకని మొదటి నియమం: స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంటే రిమోట్ వారి జేబులో ఉండాలి. దారిలో టీ తాగడానికి ఆగి డ్రైవింగ్ బావమరిదికి అప్పగిస్తే రిమోట్ కూడా అప్పగించండి. కారు కూత పెడితే తెర మీద ఏముందో చదివాకే కదలండి. రెండో రిమోట్ ప్రయాణంలో మీతో ఉండాలి, కానీ కారులో కాదు, మరొకరి ఒంటిమీద. కారులోనే వదిలేస్తే తాళం ఇంట్లో పెట్టి తలుపు తీసి వెళ్లినట్టే.

ఇక బ్యాటరీ. చాలా రిమోట్లలో ఉండేది సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల. ఆ అంకెల అర్థం 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. దుకాణంలో "ఇదీ అదే సార్" అంటూ 2025 అంటగడతారు, అది మందం తక్కువ, సరిగా ఆనదు. కొన్ని కార్లకు వేరే కొలత ఉంటుంది కాబట్టి పాత బిళ్ల చేతిలో పట్టుకుని వెళ్లడం మేలు. రెండుసార్లు నొక్కితే గానీ తలుపు తెరుచుకోకపోవడం, దగ్గరికి వెళితే గానీ స్పందించకపోవడం బిళ్ల అయిపోతోందనడానికి గుర్తులు. ప్రయాణానికి ముందే మార్చేయండి. సెల్‌ఫోను, రిమోట్ ఒకే జేబులో ఉంటే ఒక్కోసారి కారు రిమోట్‌ను గుర్తించదు, అది బిళ్ల దోషం కాదు.

బిళ్ల పూర్తిగా చచ్చిపోయినా కారు తెరవవచ్చు, నడపవచ్చు. చాలామందికి ఇది తెలియక వేలు పోసి లారీ మీద కారు ఎక్కిస్తారు. రిమోట్ వెనుక చిన్న మీట జరిపితే లోపలి నుంచి సన్నని ఇనుప తాళంచెవి బయటికి వస్తుంది. డ్రైవరు తలుపుకు దాని రంధ్రం ఉంటుంది, కొన్ని కార్లలో పిడి చివర మూత కింద దాగి ఉంటుంది. అలా తెరిస్తే అలారం మోగవచ్చు, కంగారు పడకండి. లోపల కూర్చుని బ్రేకు, మాన్యువల్ గేర్ కారయితే క్లచ్ తొక్కి, రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కే ఆనించి నొక్కండి. రిమోట్‌లో బ్యాటరీ అక్కరలేని చిప్ ఒకటి ఉంటుంది, కారు నుంచే కాస్త శక్తి తీసుకుని తన గుర్తింపు చెబుతుంది. కొన్ని మోడళ్లలో ఆనించాల్సిన చోటు బటన్ దగ్గర కాకుండా గేర్ పక్కన ఉంటుంది. మీ కారులో అది ఎక్కడుందో కారుతో ఇచ్చిన పుస్తకంలో చూసి, బిళ్ల తీసేసి, ఇంటి ముందే ఒకసారి చేసి చూడండి. సూర్యాపేట దగ్గర అర్ధరాత్రి పొగమంచులో నేర్చుకునే పని కాదిది.

తీసిన పాత బిళ్లను పిల్లలకు అందకుండా పారేయండి. రిమోట్‌ను ఆటవస్తువుగా ఇవ్వవద్దు. పసివాళ్లు ఈ బిళ్ల మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాల్చేయగలదు. మింగారన్న అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నం వద్దు, నేరుగా ఎక్స్‌రే ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఎవరూ చెప్పనిది: వేగంగా వెళుతుండగా ఇంజిన్ ఆపాల్సి వస్తే ఏం చేయాలి? మామూలుగా ఒక్కసారి నొక్కితే ఆగదు, పొరపాటున చెయ్యి తగిలి ఆగకూడదని అలా పెట్టారు. చాలా కార్లలో రెండు మూడు సెకన్లు నొక్కి పట్టాలి, లేదా వెంటవెంటనే మూడుసార్లు నొక్కాలి. 2009 ఆగస్టులో అమెరికాలోని శాన్ డియాగో దగ్గర ఒక లెక్సస్ కారులో వేరే మోడల్‌కు చెందిన మ్యాట్ యాక్సిలరేటర్ పెడల్‌ను పట్టేసింది. కారు ఆగక నలుగురు చనిపోయారు. ఆ కారు బటన్‌ను మూడు సెకన్లు నొక్కి పట్టాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనిషి బటన్‌ను టపటపా కొడతాడు గానీ నొక్కి పట్టుకుని కూర్చోడు. కాబట్టి ఇంట్లో అందరికీ వరుస చెప్పి ఉంచండి. ముందు బ్రేకు గట్టిగా, వదలకుండా తొక్కాలి. తర్వాత గేరు న్యూట్రల్‌లోకి తేవాలి. అప్పటికీ వశం కాకపోతేనే బటన్ నొక్కి పట్టాలి. ఇంజిన్ ఆగాక స్టీరింగ్, బ్రేకు బరువెక్కుతాయి, బలం పెట్టాలి.

పండగకని కొత్త మ్యాట్లు కొని పాతవాటి మీదే పరిచారా? ఒకటి తీసేయండి. డ్రైవరు వైపు మ్యాట్ కొక్కేనికి తగిలించి ఉందో లేదో చేత్తో లాగి చూడండి.

తాళంచెవి కార్లవాళ్లు నవ్వుకోనక్కరలేదు, అదేం తక్కువ తినలేదు. 2014లో జనరల్ మోటార్స్ లక్షల కార్లను వెనక్కి పిలిపించింది. వాటిలో తాళం తిరిగే స్విచ్ బలహీనంగా ఉండి, గుత్తి బరువుకో గతుకుల కుదుపుకో జారిపోయి, నడుస్తున్న ఇంజిన్ ఆగిపోయేది, ఎయిర్‌బ్యాగులూ తెరుచుకునేవి కావు. ఆ కంపెనీ పెట్టిన పరిహార నిధి 124 మరణాలను దీని ఖాతాలో లెక్కించింది. మీ గుత్తికి ఇంటి తాళాలు, దుకాణం తాళాలు, వెంకన్న బిళ్ల, సీసా మూత తీసే కొక్కెం వేలాడుతుంటే కారు తాళాన్ని విడదీయండి. నడుస్తున్న కారులో తాళాన్ని చివరిదాకా తిప్పి బయటికి లాగవద్దు, స్టీరింగ్ బిగుసుకుంటుంది.

ఊరికి చేరాక రాత్రి రిమోట్ ఎక్కడ పెడుతున్నారు? మా పెద్దన్నయ్య ఇంట్లో వీధి వసారా గోడకు మేకు ఉంది, అన్ని తాళాలూ దానికే. కారు గోడకవతల అడుగు దూరంలో. కారు సుమారు 125 కిలోహెర్ట్జ్‌ల రేడియో తరంగాలతో సన్నగా పిలుస్తుంది, మీటరు దూరంలో ఉన్న రిమోట్ "ఉన్నాను" అంటుంది. మేకున వేలాడే రిమోట్ రాత్రంతా ఆ పిలుపులకు జవాబిస్తూ బిళ్ల తినేస్తుంది. పైగా దారిన పోయేవాడు తలుపు పిడి పట్టుకున్నా కారు తెరుచుకోవచ్చు. ఐరోపాలో దొంగలు ఈ పిలుపును ఇంటి గుమ్మం దాకా మోసుకొచ్చే పరికరాలతో కార్లు ఎత్తుకుపోతున్నారు. జర్మనీలోని మోటారు క్లబ్బు ఏడీఏసీ వందల కార్లను పరీక్షిస్తే చాలావరకు తెరుచుకున్నాయి. రిమోట్‌ను లోపలి గదిలో పెట్టండి. మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బా సాయపడవచ్చు, కానీ అన్ని డబ్బాలూ ఆపవు. డబ్బాను కారు పక్కకే తీసుకెళ్లి పిడి పట్టి చూస్తే సంగతి తేలుతుంది.

గోదావరి స్నానానికో, సముద్రానికో వెళితే రిమోట్ ఒడ్డున మనిషి చేతిలో ఉంచండి. తడిస్తే ముందు బిళ్ల తీసి, తుడిచి, నీడలో ఆరబెట్టండి. స్టవ్ మీద వేడి చేసే తెలివితేటలు వద్దు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. ఇంటికి ఆనుకుని ఉన్న మూసిన గ్యారేజీలో, ముఖ్యంగా చప్పుడు చేయని హైబ్రిడ్ కారును ఆపడం మరిచి లోపలికి వెళితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి పాకుతుంది. ఇలా ప్రాణాలు పోయాయి. ఇంజిన్ దానంతటదే ఆగే ఏర్పాటుపై నిబంధన తేవాలని 2021 నాటి చట్టంలోనే అక్కడి ప్రభుత్వం రాసుకుంది. మీ కారు పాతదయితే ఆ ఏర్పాటు ఉండకపోవచ్చు, పడకగది దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించండి.

చివరగా కాగితాల పని. కారు పోయి బీమా అడిగితే మన దగ్గర కంపెనీలు రెండు తాళాలూ చూపించమంటాయి. ఒకటి ఎప్పుడో పోగొట్టుకుని ఊరుకున్నవారు ఈ వారమే షోరూముకు వెళ్లి పోయినదాన్ని కారు జ్ఞాపకంలోంచి తీయించి, కొత్తది చేయించి, రసీదు దాచుకోండి. ఖరీదు ఎక్కువే, రోజులు కూడా పడతాయి. భోగికి రెండు రోజుల ముందు వెళితే దొరకదు.