టైమింగ్ బెల్ట్ మార్చాక ఇంజిన్ తేడా చేస్తోందా?

బెల్ట్ మార్చాక బండి స్టార్ట్ కాకపోయినా, ఐడిల్‌లో వణికినా పదేపదే సెల్ఫ్ కొట్టకండి. చాలా ఇంజిన్లలో బెల్ట్ కొన్ని పళ్లు తప్పితే పిస్టన్ వాల్వులకు తగులుతుంది. వాల్వు వంగితే హెడ్ (ఇంజిన్ పైభాగం) దించాల్సిందే.

బ్యాటరీ నెగటివ్ తీసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, బెల్ట్ కవర్ విప్పండి. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) బోల్టుకు పానా వేసి, ఇంజిన్ తిరిగే దిశలోనే చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. క్రాంక్ రెండు చుట్లకు క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) ఒక్క చుట్టే తిరుగుతుంది కాబట్టి అప్పుడు పుల్లీల మీది టైమింగ్ మార్కులన్నీ మళ్లీ కలవాలి. మధ్యలో గట్టిగా తగిలితే బలవంతం చేయకండి. మార్కు ఒక్క పన్ను తప్పినా బెల్ట్ తీసి మళ్లీ వేయాలి. ‘ఒక్క పన్నే కదా, నడుస్తుందిలే’ అని ఎవరన్నా ఒప్పుకోకండి.

మార్కులు కలిశాయా? బ్యాటరీ మళ్లీ కలిపి, లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టండి. పి0016 కోడ్ వస్తే క్రాంక్, క్యామ్ సిగ్నళ్లకు పొంతన కుదరట్లేదు. పి0335 అయితే క్రాంక్ సెన్సార్ ప్లగ్గు, వైరు చూడండి. కవర్ బిగించేటప్పుడు వైరు నలిగే అవకాశం ఉంది.

తర్వాత కంప్రెషన్ టెస్ట్, అంటే సిలిండర్లలో ఒత్తిడి కొలవడం. అన్ని సిలిండర్లలో సమానంగా తక్కువుంటే టైమింగ్‌ను అనుమానించాలి. ఒక్కదాంట్లోనే పడిపోతే, పెట్రోల్ బండైతే అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరగకపోతే వాల్వు మీదే అనుమానం.

కూత వస్తే బెల్ట్ బిగువు ఎక్కువైనట్టు, టపటపమంటే టెన్షనర్ (బెల్ట్‌ను బిగువుగా పట్టే రోలర్) వదులు. బెజవాడ ఎండలో తిరిగొచ్చిన బండికి ఇంజిన్ పూర్తిగా చల్లారాకే బిగువు సరిచేయాలి. ఆటోనగర్‌లో సామాను కొనేటప్పుడు బెల్ట్‌తోపాటు టెన్షనర్, ఐడ్లర్ (బెల్ట్‌కు దారి చూపే రోలర్) కూడా తీసుకోండి.