సెలవుల కుర్రాడా, చదువు ముగిసిన కుర్రాడా? స్టైపెండ్‌లో సర్కారు వాటా అందేదిలా

పలాస, కాశీబుగ్గ జీడి యూనిట్లకు కొత్త పిక్క దిగే రోజుల్లోనే పరీక్షలు రాసేసిన పిల్లలు పని కోసం వస్తారు. వాళ్లకిచ్చే డబ్బులో ప్రభుత్వం కొంత భరిస్తుందా అని యజమానులు అడుగుతుంటారు. భరిస్తుంది, కానీ రెండు నెలల వేసవి పనికి కాదు. ప్రభుత్వ వాటా వచ్చే ప్రధాన దారి అప్రెంటిస్‌షిప్, అంటే స్టైపెండ్ (నెలవారీ భత్యం) తీసుకుంటూ పని నేర్చుకునే ఒప్పంద శిక్షణ. దాని ఒప్పందం కనీసం 6 నెలలు ఉండాలి. మే నెలలో చేరిన డిగ్రీ రెండో ఏడాది కుర్రాడు కాలేజీ తెరవగానే వెళ్లిపోతాడు, ఒప్పందం మధ్యలో తెగిపోతుంది. అందుకే ముందుగా తేల్చుకోవాల్సింది ఎదురుగా నిల్చున్నవాడు సెలవులకొచ్చాడా, చదువు ముగించి వచ్చాడా అన్నది.

సెలవులకొచ్చిన డిగ్రీ విద్యార్థి అయితే ఇంటర్న్‌షిప్ కింద పెట్టుకోండి. రాష్ట్ర ఉన్నత విద్యామండలి పాఠ్యప్రణాళికలో రెండో ఏడాది తర్వాత రెండు నెలల ఇంటర్న్‌షిప్ ఉంది కాబట్టి అతనికీ అది అవసరమే. కాలేజీ నుంచి లేఖ తెచ్చుకోమనండి, రోజువారీ లాగ్‌బుక్ మీద సంతకం పెట్టండి, మీకు తోచిన భత్యం ఇవ్వండి. ఇందులో సర్కారు వాటా ఏమీ ఉండదు. ఇంటర్ పిల్లల విషయంలో మరో జాగ్రత్త ఉంది. 18 ఏళ్లు నిండనివాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టడం 1986 నాటి బాల కార్మిక చట్టం ప్రకారం నేరం.

ఇంటర్, ఐటీఐ, పాలిటెక్నిక్ లేదా డిగ్రీ పూర్తిచేసినవాళ్లకు రెండు పథకాలున్నాయి. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం (ఎన్ఏపీఎస్) కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు గరిష్ఠంగా 1,500 రూపాయలు కేంద్రం ఇస్తుంది. డిగ్రీ, డిప్లొమా వాళ్లకున్న జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం (ఎన్ఏటీఎస్) కింద కనీస స్టైపెండ్‌లో సగం ఇస్తుంది. దీన్ని మన రాష్ట్రానికి చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు చూస్తుంది. డిప్లొమా, డిగ్రీ ఉన్న కుర్రాడు దొరికితే ముందు ఎన్ఏటీఎస్ చూడమనే మా సలహా.

లెక్క ఇలా ఉంటుంది. 2019 నిబంధనల్లో నెలకు కనీసం పదో తరగతి వారికి 6,000, ఐటీఐ వారికి 7,000, డిప్లొమా వారికి 8,000, డిగ్రీ వారికి 9,000 అని పెట్టారు. ఐటీఐ ఫిట్టర్‌కు 7,000 ఇస్తే అందులో 25 శాతం 1,750 అవుతుంది, కానీ పరిమితి వల్ల కేంద్రం ఇచ్చేది 1,500. మీ చేతినుంచి 5,500 పోతుంది. ఎన్ఏటీఎస్‌లో డిగ్రీ అమ్మాయికి 9,000 అయితే మీరు 4,500, కేంద్రం 4,500. ఈ కనీసాలను 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. కాబట్టి ఒప్పందం రాసే రోజున పోర్టల్ చూపించే కనీసాన్నే పట్టుకోండి, పాత కాగితాన్ని కాదు.

ఎంతమందిని తీసుకోవచ్చో చట్టమే చెబుతుంది. కాంట్రాక్టు కూలీలతో కలిపి 30 మంది, అంతకు మించి ఉంటే అప్రెంటిస్‌లను పెట్టుకోవడం తప్పనిసరి. 4 నుంచి 29 మంది ఉంటే మీ ఇష్టం. మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు తీసుకోవచ్చు. 20 మంది పనిచేసే బొబ్బిలి గ్రోత్ సెంటర్ యూనిట్ అయితే ముగ్గురిదాకా, 40 మంది ఉన్న రైస్ మిల్లు అయితే ఒకరి నుంచి ఆరుగురిదాకా. మేస్త్రీ తెచ్చిన మనుషులను లెక్కలో చూపకపోవడం మామూలు పొరపాటు. అప్పుడు సీట్లూ తగ్గుతాయి, తనిఖీలో లెక్కలూ పొసగవు.

ఎన్ఏపీఎస్‌కు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో సంస్థను నమోదు చేయాలి. పాన్, జీఎస్టీ, ఉద్యమ్ (చిన్న పరిశ్రమల నమోదు) నంబర్లు, పీఎఫ్ ఉంటే ఆ కోడ్, సంతకం చేసే వ్యక్తి ఆధార్ దగ్గర పెట్టుకుని కూర్చోండి. అన్నిట్లో సంస్థ పేరు ఒకేలా ఉండాలి. ఒకచోట "ట్రేడర్స్", మరోచోట "ఇండస్ట్రీస్" అని ఉంటే ముందు దాన్ని సరిచేయించండి. తర్వాత ట్రేడు (నేర్పే పని) ఎంచుకుని, సీట్లు, స్టైపెండ్ వేసి ఖాళీ ప్రకటించాలి. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ లాంటివి ప్రభుత్వం నిర్ణయించిన ట్రేడులు. ఆహార శుద్ధి, ప్యాకింగ్ లాంటి పనులకు ఐచ్ఛిక ట్రేడులు ఉంటాయి. మీ షెడ్డులో నిజంగా జరిగే పనికి దగ్గరదే ఎంచుకోండి. చివర్లో పరీక్ష ఆ సిలబస్ మీదే ఉంటుంది, మీరు నేర్పనిది అడిగితే కష్టపడేది ఆ పిల్లాడే. అభ్యర్థి కూడా విడిగా నమోదై దరఖాస్తు పెట్టాక ఒప్పందం తయారవుతుంది. ఇద్దరూ ఒప్పుకోవాలి, మైనరైతే తల్లిదండ్రుల సంతకం ఉండాలి. మనిషి దొరక్కపోతే ప్రభుత్వ ఐటీఐలో అడగండి. ప్రతి నెలా రెండో సోమవారం అప్రెంటిస్‌షిప్ మేళా పెట్టే ఆనవాయితీ ఉంది.

ఎక్కువగా చిక్కుబడేది డబ్బు దగ్గరే. ప్రభుత్వ వాటా మీ ఖాతాకు రాదు, నేరుగా అభ్యర్థి ఖాతాకు వెళుతుంది. అది అతను రాసిచ్చిన ఖాతా నంబరు చూసి కాదు, ఆధార్‌కు చివరిసారి ఏ బ్యాంకు అనుసంధానమైందో చూసి పడుతుంది. స్కాలర్‌షిప్ కోసం ఒక బ్యాంకు, సెల్‌ఫోన్ చెల్లింపుల కోసం మరో బ్యాంకు తెరిచిన పిల్లాడి డబ్బు అతను మరిచిపోయిన ఖాతాలో పడి ఉంటుంది. చేర్చుకునే ముందే మైఆధార్ పోర్టల్‌లో బ్యాంకు అనుసంధాన స్థితి చూడమనండి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలామంది ఖాతాలు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకువి. 2025 మే 1న అది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది కనుక పాత పాసుబుక్కు మీది ఐఎఫ్ఎస్‌సీ చెల్లుతుందో లేదో శాఖలో అడిగి తేల్చుకోవాలి.

పేరు దగ్గరా ఇదే తంటా. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉంటే ధ్రువీకరణ ఆగుతుంది. ఆధార్‌కిచ్చిన సిమ్ పోయి ఉంటే ఓటీపీ రాదు. ఈ రెండూ సరిచేసుకోవడానికి సమయం పడుతుంది, కాబట్టి వీటినే మొదట మొదలుపెట్టించండి.

చేరాక ప్రతి నెలా హాజరు వేసి, మీ వాటాను బ్యాంకు ద్వారా తర్వాతి నెల 10వ తేదీలోగా చెల్లించి, ఆ వివరం పోర్టల్‌లో ఎక్కించాలి. చేతికి నగదు ఇస్తే రుజువు ఉండదు, ప్రభుత్వ వాటా కదలదు. మూడు నెలలది ఒకేసారి ఎక్కిద్దామని ఆగితే ఆ మూడు నెలలూ నష్టపోయేది పేదింటి పిల్లాడు. కుర్రాడు మధ్యలో మానేస్తే ఒప్పందాన్ని పోర్టల్‌లోనే ముగించండి. లేకపోతే మీ సీటూ ఖాళీ అవదు, అతనూ మరోచోట చేరలేడు.

అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణార్థి. అతనికి పీఎఫ్, ఈఎస్ఐ కట్టనక్కర్లేదు. కానీ ఫ్యాక్టరీ భద్రతా నిబంధనలు వర్తిస్తాయి, పనిలో గాయపడితే పరిహారం మీ బాధ్యత. ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేకుండా ఓవర్‌టైం చేయించకూడదు. జీడి కాల్చే దగ్గర, జనపనార మిల్లు యంత్రాల దగ్గర నిలబెట్టే ముందు తొడుగులు ఇచ్చి, యంత్రం ఆపడం ఎలాగో నేర్పండి.

శిక్షణ ముగిశాక అదే మనిషిని ఉద్యోగంలోకి తీసుకుంటే ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన ఉంది. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 మధ్య వచ్చే కొత్త ఉద్యోగాలకు యజమానికి ఒక్కో ఉద్యోగికి నెలకు 3,000 దాకా ఇస్తుంది. 50 మందికి లోపున్న సంస్థ కనీసం ఇద్దరిని అదనంగా తీసుకుని, 6 నెలలు నిలబెట్టుకోవాలి, పీఎఫ్ నమోదు ఉండాలి. అప్రెంటిస్‌గా ఉన్నంతకాలం పీఎఫ్ ఉండదు కనుక ఆ నెలలకు ఈ పథకం వర్తించదు.