నీళ్లలో కారు ఆగిపోతే ఇంజిన్‌ను కాపాడుకోవడం ఎలా?

జోరువానలో పాడైన ఇంజిన్లను చూస్తే ఒక్కటే చిరాకు. వాటిలో చాలావరకు నీళ్లలో ఆగినప్పుడు బాగానే ఉంటాయి. ఆగాక మళ్లీ తాళం తిప్పడంతోనే పోతాయి.

వానలు రాకముందే

బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి గాలి వచ్చే గొట్టం ఎక్కడ మొదలవుతుందో చూసుకోండి. చాలా కార్లలో గ్రిల్ వెనకో, హెడ్‌లైట్ పక్కనో ఉంటుంది. కొన్నింటిలో ఫెండర్ లోపల ఇంకా కిందికి ఉంటుంది. ఇంజిన్‌లోకి నీళ్లు వచ్చే ప్రధాన దారి ఇదే. ఫిల్టర్ డబ్బా క్లిప్పులు విరిగితే మార్పించండి, కింద కవర్ వేలాడుతుంటే బిగించండి. ఇక్కడ ఇంతకు మించి పనేం లేదు.

కారుతో నీళ్లలోకి దిగాలా, వద్దా?

నీళ్లు చక్రం మధ్యభాగం దాటితే దిగొద్దు. లోతు తెలియకపోతే అసలే దిగొద్దు. ముందు బండి దాటింది కదా అనుకోకండి, దాని గొట్టం ఎత్తు వేరు, మీది వేరు. నీళ్లు పారుతుంటే లెక్కే మారిపోతుంది. 30 సెంటీమీటర్ల లోతు ప్రవాహం కూడా చిన్న కారును పక్కకు నెట్టేయగలదు.

దాటేటప్పుడు

ఏసీ ఆపండి. ఆటో స్టార్ట్-స్టాప్ ఉంటే దాన్నీ ఆపండి, లేకపోతే నీళ్ల మధ్యలో అదే ఇంజిన్ ఆపి, అదే మళ్లీ స్టార్ట్ చేస్తుంది. ఫస్ట్ గేర్‌లో, మనిషి నడిచేంత వేగంతో, మధ్యలో గేర్ మార్చకుండా వెళ్లండి. ఎదురుగా లారీ వస్తుంటే అది దాటేదాకా ఒడ్డునే ఆగండి. అది లేపే అల బానెట్ మీదికొస్తుంది.

సైలెన్సర్‌లోకి నీళ్లు పోతాయని కొందరు సగం క్లచ్ నొక్కి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతారు. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ పొగ నీళ్లను బయటికి నెడుతూనే ఉంటుంది, అంత రేస్ అక్కర్లేదు. పైగా రేస్ పెంచేకొద్దీ ముందు గొట్టం అంత ఎక్కువ గాలి లాగుతుంది, నీళ్లు అందేంత ఎత్తులో ఉంటే వాటినీ లాగుతుంది. వెనక గొట్టం గురించి టెన్షన్ పడి ముందు గొట్టాన్ని మర్చిపోతారు. క్లచ్ ప్లేటు కాలడం అదనం.

ఇంజిన్ ఆగిపోయిందా? స్టార్ట్ చేయకండి

ఒక్కసారి కూడా వద్దు. "ఒకసారి చూద్దాం" అనేదే కొంప ముంచుతుంది.

ఎందుకో లెక్క చూడండి. 1200 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 300 సీసీ. కంప్రెషన్ 10:1 అయితే, అంటే గాలిని పదో వంతుకు నొక్కితే, పిస్టన్ పూర్తిగా పైకొచ్చాక మిగిలే జాగా సుమారు 33 మిల్లీలీటర్లు. గాలి అందులోకి నలిగి ఇముడుతుంది. నీళ్లు నలగవు. అంతకంటే కాస్త ఎక్కువ నీళ్లున్నా పిస్టన్ మధ్యలోనే ఆగుతుంది, కింద నుంచి తోసే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మెకానిక్కులు హైడ్రోస్టాటిక్ లాక్ అనేది దీన్నే. డీజిల్ ఇంజిన్‌లో కంప్రెషన్ ఎక్కువ, కాబట్టి ఆ జాగా ఇంకా తక్కువ.

స్టార్ట్ అయిపోయింది కదా అని సంబరపడటానికీ లేదు. కొద్దిగా వంగిన రాడ్‌తో కారు కొన్నాళ్లు నడవొచ్చు. తర్వాత ఒకరోజు రాడ్ విరిగి ఇంజిన్ బ్లాక్‌కే చిల్లు పెడుతుంది.

ఇంకో ప్రమాదం సాయానికి వచ్చేవాళ్లతో. "సెకండ్ గేర్ వేసి క్లచ్ వదలండి, తోస్తాం" అంటారు. అలా చేసినా తిరిగేది ఇంజినే, తాళం తిప్పినదానికి దీనికి తేడా లేదు. న్యూట్రల్‌లో పెట్టి తోసి గట్టెక్కించండి. ఆటోమేటిక్ కారును గట్టెక్కాక లాక్కెళ్లొద్దు, బండి మీదికెక్కించి తీసుకెళ్లాలి.

గట్టెక్కాక ఇగ్నిషన్ ఆఫ్ చేసి బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. ఫిల్టర్ డబ్బా తెరవండి. ఫిల్టర్ తడిసినా, అడుగున నీళ్లున్నా ఇక సందేహం లేదు. పొడిగా ఉందని స్టార్ట్ చేసేవాళ్లూ ఉన్నారు. అదీ వద్దు, మెకానిక్ చూడాల్సిందే.

మెకానిక్ చేయాల్సిన మొదటి పని స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పడం. డీజిల్ అయితే ఇంజెక్టర్లు గానీ, గ్లో ప్లగ్గులు గానీ తీయాలి. ఇంధనం, ఇగ్నిషన్ రాకుండా చేశాకే ఇంజిన్‌ను తిప్పాలి. నీళ్లుంటే ఆ రంధ్రాల్లోంచి పైకి చిమ్ముతాయి, కాబట్టి వంగి చూడొద్దు. ప్లగ్గులు విప్పకుండానే సెల్ఫ్ కొట్టి చూస్తానంటే కారు అక్కడ వదలకండి.

ఆ తర్వాత

డిప్‌స్టిక్ తీయండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ రెండూ మార్చాకే స్టార్ట్ చేయాలి. కొంతసేపు నడిపాక డిప్‌స్టిక్ మళ్లీ చూడండి, రంగు తిరిగి మారితే ఆయిల్ ఇంకోసారి మార్చాల్సిందే. ఇంజిన్ ఆగకుండా దాటేసిన వాళ్లు కూడా కాస్త దూరం మెల్లగా పోతూ బ్రేకును తేలిగ్గా నొక్కి వదులుతుండాలి, తడి ఆరేదాకా అది సరిగా పట్టదు.