గేమ్ స్లో అవుతోందా? సెట్టింగ్స్ దించే ముందు లోపం ఎక్కడుందో పట్టుకోండి

గేమ్ సరిగా నడవడం లేదనగానే చాలామంది చేసే మొదటి పని గ్రాఫిక్స్ సెట్టింగ్స్ అన్నీ 'లో'కి దించేయడం. అప్పటికీ లాభం లేకపోతే కొత్త గ్రాఫిక్స్ కార్డు ధరలు చూడటం మొదలుపెడతారు. ఈ రెండింటికంటే ముందు చూడాల్సింది ఒకటుంది. గేమ్ నెమ్మదించిన ఆ క్షణంలో కంప్యూటర్‌లో ఏ భాగం ఊపిరి సలపకుండా పనిచేస్తోంది, ఏది ఖాళీగా ఉంది? ఇది తేలకుండా సెట్టింగ్స్ మారుస్తూ పోతే బొమ్మ నాణ్యత పోతుందే తప్ప వేగం వస్తుందన్న నమ్మకం లేదు.

ముందు కొలవండి

విండోస్‌లో విండోస్ కీ, జీ కలిపి నొక్కితే గేమ్ బార్ వస్తుంది. అందులోని పర్ఫార్మెన్స్ విడ్జెట్‌ను పిన్ చేస్తే గేమ్ మీదే అంకెలు కనిపిస్తాయి. ఇంకాస్త వివరంగా కావాలంటే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ పెట్టుకోండి. పేరులో ఒక కంపెనీ ఉన్నా అది మిగతా కంపెనీల కార్డులతోనూ పనిచేస్తుంది, ఉచితం కూడా. జీపీయూ (గ్రాఫిక్స్ కార్డులోని చిప్) వాడకం, దాని వేడి, క్లాక్ స్పీడ్ (చిప్ పనిచేసే వేగం), వీడియో మెమరీ (కార్డుకు సొంతంగా ఉండే మెమరీ), ప్రాసెసర్ వాడకం, ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేమ్‌కు పట్టే సమయం) గ్రాఫ్: ఈ ఆరూ తెర మీద కనిపిస్తే చాలు.

ఫ్రేమ్ టైమ్ ఎందుకంటే, ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేమ్‌లు, అంటే బొమ్మలు) అనేది సగటు. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కు సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఒక సెకనులో మిగతా ఫ్రేమ్‌లన్నీ సవ్యంగా వచ్చి ఒక్కటి మాత్రం 100 మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి. కౌంటర్ 55 అని చూపిస్తుంది, పైకి బాగానే ఉన్నట్టు ఉంటుంది. కంటికి మాత్రం ఆ ఒక్క కుదుపే తెలుస్తుంది. ఎప్పుడూ తక్కువగా ఉండటం ఒక జబ్బు, మధ్యమధ్యలో కుదుపులు రావడం వేరే జబ్బు. మందులు కూడా వేరే.

ఇక అసలు అంకె జీపీయూ వాడకం. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఒకే కాడికి కట్టిన ఎద్దుల్లాంటివి. ఒకటి వెనకబడితే రెండోది ఎంత బలమైనదైనా ఆగాల్సిందే. జీపీయూ 95 శాతం పైన ఉంటే బరువంతా కార్డు మీదే ఉంది. 60 దగ్గర తచ్చాడుతూ ఎఫ్‌పీఎస్ కూడా తక్కువగా ఉంటే కార్డును ఇంకేదో ఆపుతోంది.

పరీక్ష ఎప్పుడూ గేమ్‌లో ఒకే చోట చేయండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. నాలుగు మార్పులు ఒకేసారి చేసి బాగుపడితే ఏది పనిచేసిందో తెలియదు, పాడైతే దేనివల్లో తెలియదు.

కార్డు మంచిదే, అయినా గేమ్ పాకుతోంది

కార్డుకు అసలు పనే చెప్పడం లేదేమో చూడండి. ఇది నవ్వులాటకు అనడం లేదు. డెస్క్‌టాప్‌లో మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకు పెట్టడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. క్యాబినెట్ వెనక్కి వెళ్లి చూడండి. యూఎస్‌బీ, ఆడియో, నెట్ పోర్టులన్నీ ఉన్న గుంపులో కనిపించే హెచ్‌డీఎంఐ మదర్‌బోర్డుది. సాధారణంగా దానికి కింద, విడిగా ఒకే వరసలో ఉండే హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్‌లు గ్రాఫిక్స్ కార్డువి. కేబుల్ అక్కడే ఉండాలి.

ల్యాప్‌టాప్‌లో ఇదే సమస్య మరో రూపంలో వస్తుంది. విడిగా గ్రాఫిక్స్ చిప్ ఉన్నా, కరెంటు ఆదా కోసం విండోస్ ఒక్కోసారి గేమ్‌ను ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే నడిపించేస్తుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ వరకు వెళ్లి ఆ గేమ్‌ను ఎంచుకుని 'హై పర్ఫార్మెన్స్' పెట్టండి. ఛార్జర్ పెట్టే ఆడండి. బ్యాటరీ మీద ఏ గేమింగ్ ల్యాప్‌టాప్ అయినా తన పూర్తి బలం చూపించదు, అది లోపం కాదు.

డివైస్ మేనేజర్‌లో కార్డు పేరుకు బదులు 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే డ్రైవరే లేదన్నమాట. కార్డు తయారీదారు సైట్ నుంచి డ్రైవర్ వేసుకోండి.

మొదట బాగుంది, కాసేపటికి దిగజారుతోంది

గేమ్ మొదలైన పది, పదిహేను నిమిషాలకు ఎఫ్‌పీఎస్ పడిపోతే వేడినే ముందు అనుమానించాలి. ఇక్కడ ఉష్ణోగ్రత అంకె ఒక్కటే చూసి కంగారు పడొద్దు. గేమ్ ఆడేటప్పుడు జీపీయూ 80 డిగ్రీల చుట్టుపక్కల ఉండటం చాలా కార్డులకు మామూలే. ప్రాసెసర్లు ఇంకా ఎక్కువ తట్టుకుంటాయి. ఇంటెల్‌వి చాలావరకు 100 డిగ్రీల దగ్గర, ఏఎండీ రైజెన్ 7000 సిరీస్‌వి చాలావరకు 95 దగ్గర తమను తాము తగ్గించుకుంటాయి. చూడాల్సింది క్లాక్ స్పీడ్. వేడి పైకి వెళ్లి ఒకచోట నిలిచిపోయి, అదే సమయంలో మెగాహెర్ట్జ్ జారిపోతుంటే అది థ్రాట్లింగే. కాలిపోకుండా చిప్ తన వేగం తానే తగ్గించుకుంటోంది.

కారణం తేల్చడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. క్యాబినెట్ పక్క మూత తీసి అదే గేమ్, అదే చోట, అంతే సేపు ఆడండి. వేడి బాగా తగ్గితే కార్డుకు ఏ రోగమూ లేదు, లోపలికి గాలి అందడం లేదు. ముందు భాగంలోని దుమ్ము జాలీ శుభ్రం చేయండి, ఫ్యాన్ల దిశ చూడండి. ముందు నుంచి లోపలికి, వెనక నుంచి బయటికి గాలి వెళ్లాలి. రెండు పక్కల ఫ్యాన్లూ బయటికే ఊదుతున్న క్యాబినెట్లు కూడా ఉంటాయి. మూత తీసినా తేడా లేకపోతే హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే లోహపు రేకులు) సందుల్లో దుమ్ము గట్టిపడి ఉండాలి, లేదా చిప్‌కూ దానికీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండాలి.

దుమ్ము దులిపేటప్పుడు ప్లగ్ తీసేయండి. బ్లోయర్‌తో ఊదే ముందు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. గాలి ధాటికి అది విపరీతంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. పేస్ట్ మార్చడం చివరి మెట్టు. ప్రాసెసర్‌కైతే ఎవరైనా నేర్చుకోవచ్చు గానీ, వారంటీ ఉన్న గ్రాఫిక్స్ కార్డును విప్పమని నేను చెప్పను. దానికి బదులు ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్‌ను (కార్డు వాడుకునే కరెంటుకు పరిమితి) 85, 90 శాతానికి దించి చూడండి. వేగంలో పోయేది తరచుగా చాలా తక్కువ, వేడి, ఫ్యాన్ల రొద మాత్రం తెలిసేంత తగ్గుతాయి.

ల్యాప్‌టాప్ అయితే దాన్ని పరుపు మీద నుంచి తీసి, వెనక భాగాన్ని కాస్త ఎత్తి పెట్టండి. గాలి కింది నుంచే లోపలికి వెళ్లాలి మరి.

జీపీయూ 99 శాతం, ఎఫ్‌పీఎస్ మాత్రం తక్కువ

ఇక్కడ మోసం ఏమీ లేదు, కార్డు శక్తికి మించిన పని పడింది. సెట్టింగ్స్ తగ్గించాల్సింది ఇప్పుడే. అలాగని అన్నీ కాదు. షాడోలు, వాల్యూమెట్రిక్ ఫాగ్ (వెలుతురు పడే పొగమంచు), రిఫ్లెక్షన్లు, రే ట్రేసింగ్ (కాంతి దారిని లెక్కగట్టి గీయడం) ఎక్కువ తినేవి. షాడోలను అల్ట్రా నుంచి మీడియమ్‌కు తెస్తే ఆడేటప్పుడు తేడా పట్టుకోవడం కష్టం. టెక్స్చర్ల (వస్తువుల పైన అతికించే బొమ్మలు) కథ వేరు. వాటికి కావాల్సింది వీడియో మెమరీ. అది సరిపోతుంటే టెక్స్చర్లు 'హై'లో ఉంచినా వేగం పెద్దగా తగ్గదు. అందరూ మొదట దించేది మాత్రం వాటినే, గేమ్ అంతా అలికినట్టు అయిపోతుంది.

రెజల్యూషన్ అన్నిటికంటే బరువైనది. 1920×1080లో దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి, 3840×2160లో సరిగ్గా దానికి నాలుగింతలు. 4కే మానిటర్ ఉన్నంత మాత్రాన గేమ్‌ను 4కేలోనే గీయించక్కర్లేదు. తక్కువ రెజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్, జెస్ లాంటివి గేమ్‌లో ఉంటే 'క్వాలిటీ' మోడ్‌తో మొదలుపెట్టండి. డీఎల్‌ఎస్‌ఎస్‌కు ఎన్విడియా ఆర్‌టీఎక్స్ కార్డు ఉండాలి. చిన్న తెరల మీద 'పర్ఫార్మెన్స్' మోడ్ బొమ్మను మసకబారుస్తుంది, నాకది నచ్చదు.

జీపీయూ 50, 60 దగ్గరే ఉంది, అయినా నెమ్మది

మొదట చూడాల్సింది ఎవరైనా పరిమితి పెట్టారా అన్నది. గేమ్‌లోనో, డ్రైవర్ ప్యానెల్‌లోనో ఫ్రేమ్ లిమిట్ ఉండొచ్చు. 30 దగ్గరో 60 దగ్గరో గీత గీసినట్టు ఆగిపోతే అదే. వీ-సింక్ (ఫ్రేమ్‌లను తెర వేగంతో కలిపే సెట్టింగ్) వేసి ఉన్నప్పుడు కొన్ని గేమ్‌లలో కార్డు 55 ఇవ్వగలిగినా 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే) తెర మీద నేరుగా 30కి పడిపోతుంది.

పరిమితి లేకపోతే ప్రాసెసర్ వైపు చూడాలి. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 30 శాతమే చూపిస్తోంది కదా అని వదిలేయకండి. గేమ్‌లో ముఖ్యమైన పని తరచుగా ఒకటి రెండు థ్రెడ్‌ల (ప్రాసెసర్ ఒకేసారి నడిపే పని వరసలు) మీదే పడుతుంది. 16 థ్రెడ్‌ల ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండినా మొత్తం లెక్కలో 6 శాతం పైచిలుకే. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్లను విడివిడిగా చూపించమనండి. ఇలాంటప్పుడు రెజల్యూషన్ తగ్గించినా ఎఫ్‌పీఎస్ కదలదు. ప్రాసెసర్ సమస్యకు ఇంతకంటే మంచి గుర్తు లేదు. జనం, ట్రాఫిక్, వ్యూ డిస్టెన్స్ లాంటి సెట్టింగ్స్ తగ్గిస్తే ఫలితం ఉంటుంది.

ర్యామ్‌ను ఎవరూ అనుమానించరు. ఒకే స్టిక్ ఉంటే సింగిల్ ఛానల్‌లో నడుస్తుంది. డీడీఆర్4 3200కి అది సెకనుకు 25.6 జీబీ, రెండు స్టిక్‌లు సరైన స్లాట్‌లలో ఉంటే 51.2. విడిగా కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో ఆడేవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది, ఎందుకంటే అక్కడ వీడియో మెమరీ కూడా ఆ ర్యామే. నాలుగు స్లాట్‌లు ఉన్న బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి, మదర్‌బోర్డు పుస్తకంలో బొమ్మ ఉంటుంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగ్స్) ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో, అంటే ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేయకపోతే 3200 అని కొన్న ర్యామ్ 2133 లేదా 2400 దగ్గరే నడుస్తూ ఉంటుంది.

సగటు బాగుంది, ఝటుక్కున ఆగుతోంది

కొత్త చోటికి వెళ్లినప్పుడు ఒక్కసారే కుదిపి, మళ్లీ అక్కడికే వెళితే కుదపకపోతే అది షేడర్లు (బొమ్మ ఎలా గీయాలో కార్డుకు చెప్పే చిన్న ప్రోగ్రామ్‌లు) అప్పటికప్పుడు తయారవడం. కొత్త డ్రైవర్ వేశాక మొదటిసారి ఆడేటప్పుడూ ఇలా ఉంటుంది. మెనూలో షేడర్లు సిద్ధం చేస్తున్నట్టు చూపిస్తే అది పూర్తయ్యేదాకా ఆగండి.

మళ్లీ మళ్లీ అదే చోట ఆగుతుంటే వీడియో మెమరీ చూడండి. 8 జీబీ కార్డులో వాడకం అంచుకు ఆనుకుని ఉంటే మిగిలిన టెక్స్చర్లు మామూలు ర్యామ్‌లోకి పోయి నెమ్మదిగా వస్తున్నాయన్నమాట. ఇప్పుడు టెక్స్చర్లు ఒక మెట్టు దించండి. గేమ్ పాత హార్డ్ డిస్క్‌లో ఉంటే ఎస్‌ఎస్‌డీకి మార్చండి. వెనకాల డౌన్‌లోడ్, యాంటీవైరస్ స్కాన్, పాతిక ట్యాబులతో బ్రౌజర్ ఉంటే ఆపేయండి. అంతేగానీ 'గేమ్ బూస్టర్' సాఫ్ట్‌వేర్‌ల జోలికి పోకండి. అవి చేసే పనంతా మీరు టాస్క్ మేనేజర్‌లో చేయగలరు, పైగా అవే మరో భారం.

ఫ్రేమ్ టైమ్ గీత నిలకడగానే ఉండి, ఎదుటి ఆటగాళ్లు మాత్రం వెనక్కి ముందుకి ఎగురుతుంటే అది నెట్ సమస్య. దానికి గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌తో సంబంధం లేదు.

కౌంటర్ 140 అంటోంది, తెర అలా అనిపించడం లేదు

144 హెర్ట్జ్ మానిటర్‌ను విండోస్ 60 దగ్గరే ఉంచి ఉండొచ్చు. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేట్ మార్చండి. ఆ అంకె జాబితాలో లేకపోతే కేబుల్ పాతది కావచ్చు.

అప్‌డేట్ తర్వాత పాడైంది

డివైస్ మేనేజర్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' ఉంటే నొక్కండి. లేకపోతే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్‌తో సేఫ్ మోడ్‌లో పూర్తిగా తీసేసి, బాగున్న పాత వెర్షన్ వేయండి.

ఆట మధ్యలో రీస్టార్ట్, లేదా రంగు చుక్కలు

బరువైన సన్నివేశంలోనే కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగి మళ్లీ మొదలైతే ఎస్‌ఎంపీఎస్‌ను (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) అనుమానించండి. కార్డుకు రెండు పవర్ సాకెట్లు ఉంటే ఒకే కేబుల్‌కు ఉన్న రెండు కొసలతో సరిపెట్టకుండా రెండు విడి కేబుళ్లు వాడండి. పవర్ లిమిట్ 70 శాతానికి దించితే రీస్టార్ట్‌లు ఆగిపోతే అనుమానం ఇంకా బలపడుతుంది.

తెర మీద గళ్లు, రంగు చుక్కలు వస్తుంటే ముందు ఓవర్‌క్లాక్ (చిప్ వేగాన్ని మామూలు కంటే పెంచడం) ఏదైనా ఉంటే తీసేసి, కేబుల్ మార్చి చూడండి. విండోస్ మొదలవ్వకముందే, బయోస్ తెర మీద కూడా అవే చుక్కలు కనిపిస్తే డ్రైవర్లతో కుస్తీ పట్టి లాభం లేదు. వీలైతే కార్డును మరో కంప్యూటర్‌లో పెట్టి చూసి, అక్కడా అలాగే ఉంటే బిల్లు తీసుకుని వారంటీకి పంపండి.