‘భయపెట్టు’ అనడానికి ఇంగ్లీషులో ఏ క్రియ వాడాలి?

తెలుగులో ఉలిక్కిపడటం, హడలిపోవడం, జంకడం ఒకటి కానట్లే, ఇంగ్లీషులో భయం కలిగించడాన్ని తెలిపే క్రియలు కూడా ఒకదానికి బదులు మరొకటి వాడదగినవి కావు. చిన్న నిఘంటువులు చాలా వరకు అన్నిటికీ ‘భయపెట్టు’ అనే అర్థమిచ్చి ఊరుకుంటాయి గనుక, భయం ఎంత అన్నదానికంటే ముందు, ఆ భయం మనిషిని ఏం చేసిందో చూసుకోవాలి.

సందేహం ఉన్నచోట ‘ఫ్రైటెన్’ వాడవచ్చు. ‘స్కేర్’ అర్థమూ దాదాపు అదే గాని, అది వాడుక మాటల్లో ఎక్కువ. పిట్టలను అదిలించి తోలడానికి ‘స్కేర్ అవే’ అంటారు. హడలెత్తించడం ‘టెరిఫై’. అందులో తీవ్రత ముందే ఉంది కాబట్టి ‘టెరిఫైడ్’కు ముందు ‘వెరీ’ అతకదు, ‘అబ్సల్యూట్లీ’ అతుకుతుంది.

వెనక తలుపు దభాలున మూసుకున్నప్పుడు ‘స్టార్టిల్’ అనాలి; అక్కడ ప్రమాదమేమీ ఉండనక్కరలేదు, ఉలికిపాటు క్షణంలో తీరిపోతుంది. ‘అలార్మ్’ మాత్రం ముందున్న ముప్పును తలచుకుని కలిగే ఆందోళన. ఆ మాట ‘ఆయుధాలు పట్టండి’ అనే ఇటాలియన్ కేక నుంచి వచ్చిందని గుర్తుంచుకుంటే తేడా మరచిపోము.

ఎక్కువగా తడబడేది ‘థ్రెటెన్’, ‘ఇంటిమిడేట్’ల దగ్గర, ఎందుకంటే రెంటినీ మనం ‘బెదిరించు’ అనే అంటాము. హాని చేస్తానని చెబితే ‘థ్రెటెన్’. విన్నవాడు నవ్వి ఊరుకున్నా ఆ మాట చెల్లుతుంది. సాక్షి జంకి కోర్టుకు రావడం మానుకుంటే అది ‘ఇంటిమిడేట్’. దీనికి దురుద్దేశం కూడా తప్పనిసరి కాదు: మహాపండితుడి ఎదుట విద్యార్థికి నోరు పెగలకపోతే ఆ పాండిత్యం అతణ్ణి ‘ఇంటిమిడేట్’ చేసిందనవచ్చు గాని, ‘థ్రెటెన్’ అంటే పాపం, పండితుడి మీద నేరం మోపినట్లవుతుంది.

పూర్తిగా అణగిపోయి నోరెత్తని స్థితికి తేవడం ‘కౌ’. పని బరువు చూసి వెనకాడేలా చేయడం ‘డాంట్’. ఎదురుపడిన పులి కంటే వెయ్యి పుటల గ్రంథానికే ఆ క్రియ నప్పుతుంది.

క్రియ కుదిరాక దాని రూపం కూడా సరిచూసుకోవాలి. ‘అయామ్ ఫ్రైటెన్డ్’ అంటే నాకు భయంగా ఉందని. ‘అయామ్ ఫ్రైటెనింగ్’ అంటే నన్ను చూస్తే ఇతరులకు భయమని.